పదిహేడో నంబరు పోయింది

శబ్దాల బాబాయికి అనుమానం. దేనిమీద అని అడిగారంటే మీమీద కూడా మొదలవుతుంది. టీవీ సీరియళ్ళకు తలుపు కిర్రుమన్న చప్పుడు, గాజు పగిలిన చప్పుడు, జనం విరగబడి నవ్విన చప్పుడు తయారుచేసి ఇవ్వడం ఆయన ఉద్యోగం. ఆ స్టూడియోలో ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాడు, ముప్ఫై ఏళ్ళలోనూ ఒక్కరినీ నమ్మలేదు. లిఫ్టు ఎక్కడు. అది మధ్యలో ఆగదని ఎవరు రాసిచ్చారని అడుగుతాడు. గోడ గడియారాన్ని చేతి గడియారంతో, చేతి గడియారాన్ని వాచ్‌మన్ గడియారంతో సరిచూసుకుంటాడు. మూడూ ఒకే టైము చూపిస్తే, మూడూ కూడబలుక్కున్నాయంటాడు.

క్యారేజీకి తాళం వేసుకొచ్చే మనిషిని మీరెక్కడైనా చూశారో లేదో. ఆయన వేసుకొచ్చేవాడు. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ, దాని పిడికి ఇత్తడి తాళం. ఒక తాళంచెవి ఆయన దగ్గర, ఇంకొకటి వాళ్ళావిడ దగ్గర.

"అన్నం క్యారేజీకి తాళమేంటి బాబాయ్?" అని కొత్తలో ఎడిటర్ అడిగాడు.

"పెట్టింది మా ఆవిడ. తినేది నేను. మధ్యలో బస్సులో నలభై నిమిషాలుంది. ఆ నలభై నిమిషాలకి జవాబుదారీ ఎవరు?"

కంప్యూటరంటే ఆయనకు మరీ అనుమానం. అందులో ఏం పెట్టినా అది ఎవరితోనో చెబుతుందని. అందుకని తను తయారు చేసిన శబ్దాలన్నీ పాతకాలపు టేపుల మీదే ఉంచి, నంబర్లు వేసి, ఇనప బీరువాలో దాచేవాడు. శబ్దం కావలసినప్పుడు తనే మీట నొక్కి పక్కగదిలోని ఎడిటర్‌కు తీగ మీద పంపేవాడు. అదీ ఒంటరిగా పంపడు, జనం నవ్వుతో కలిపి పంపుతాడు. ఒంటరిగా పంపితే కాపీ కొట్టేస్తారట. బీరువా తాళం పాడై చాలా కాలమైంది, బాగుచేసేవాణ్ణి నమ్మలేక అలాగే వదిలేశాడు. గదిలోంచి బయటికెళ్ళే ప్రతిసారీ బీరువా తలుపు సందుకు తన తల వెంట్రుక ఒకటి తడిపి అంటించేవాడు. తిరిగొచ్చేసరికి అది తెగి ఉంటే ఎవరో తీసినట్టు. నెత్తిన మిగిలినవి లెక్కపెట్టుకోగలిగినన్నే కాబట్టి, ఈ కాపలా ఆయనకు చవగ్గా పడేది కాదు.

ఆయన గదికీ ఎడిటర్ గదికీ మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ. ఎడిటర్‌కు ముప్ఫై మూడేళ్ళు, మెత్తని మనిషి, పనిమంతుడు. అతనికి ఒకే ఒక రహస్యం ఉంది. అతనూ ఒక లెక్కల మాస్టారూ ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. తడి తువ్వాలు మంచం మీద ఎందుకు పడేశావని ఆలుమగలు ఎలా దెబ్బలాడుకుంటారో అలాగే దెబ్బలాడుకుంటారు, అలాగే సర్దుకుంటారు. ఈ సంగతి స్టూడియోలో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. ఆ స్టూడియోలో అలాంటివాళ్ళ గురించి ఎలాంటి జోకులు వేసుకుంటారో అతను రోజూ వింటూనే ఉన్నాడు.

చేరిన మొదటి రోజే బాబాయి కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

"నేనూ, మా పెద్దమ్మ కొడుకూ."

"సొంత పెద్దమ్మేనా?"

"సొంత పెద్దమ్మే."

బాబాయి జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. ఆ రోజు నుంచి ఎడిటర్‌కు శని పట్టింది.

"మీ పెద్దమ్మకి ఎంతమంది పిల్లలు?"

"ఇద్దరు."

"పోయిన వారం ఒక్కడే అన్నావు."

"కొడుకు ఒక్కడే బాబాయ్. ఇంకొకరు కూతురు."

"ఏం చేస్తుంది?"

"నర్సు."

"పోయిన వారం పుట్టనే లేదు, ఈ వారం నర్సయిపోయింది. సరే, రాసుకుంటున్నా."

ఒకసారి లెక్కల మాస్టారికి జ్వరం వస్తే, ఎడిటర్ పెద్దమ్మకు కాలు విరిగిందని సెలవు పెట్టాడు. ఏ కాలు అని బాబాయి అడిగాడు. కుడికాలు అన్నాడు. రెండు నెలల తర్వాత, ఒక సీను మధ్యలో, బాబాయి గోడ అవతలినుంచే అడిగాడు.

"మీ పెద్దమ్మ ఎడమకాలు ఎలా ఉంది?"

"నయమైంది బాబాయ్."

"విరిగింది కుడికాలు కదా."

లేని పెద్దమ్మ కాళ్ళు గుర్తుపెట్టుకోవడం ఉన్న పెద్దమ్మకు సేవ చెయ్యడం కంటే కష్టమని ఎడిటర్‌కు అప్పుడు తెలిసింది. ఈయన కూపీ లాగుతున్నాడు, ఏదో ఒకరోజు తీగంతా లాగి డొంక కదిలిస్తాడు అని ఇంటికెళ్ళి మాస్టారితో చెప్పుకున్నాడు.

"ఆ పెద్దమ్మని చంపెయ్యరాదూ," అన్నాడు మాస్టారు.

"చంపితే ఎలా పోయిందని అడుగుతాడు."

ఇలా ఉండగా స్టూడియోలో తీస్తున్న హాస్య సీరియల్‌కు జనం తగ్గారు. ఒక అపార్టుమెంటులో ఐదు కుటుంబాల కథ అది. డైరెక్టరు అందర్నీ కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు అందరూ గే క్యారెక్టర్ పెడుతున్నారు. మనమూ ఒకటి పెడదాం. కింది అంతస్తులో దర్జీ."

"కథలో అతనేం చేస్తాడు సార్?" అని ఎడిటర్ నేల చూపులు చూస్తూ అడిగాడు.

"వస్తాడు."

"వచ్చి?"

"వస్తే చాలయ్యా. జనం నవ్వుతారు."

"నవ్వకపోతే?"

"పదిహేడో నంబరు వెయ్యండి."

పదిహేడో నంబరంటే ఆ స్టూడియోలో అందరికీ తెలుసు. పాత మంచం స్ప్రింగును సాగదీసి వదిలితే టొయ్‌య్ అని మోగి, చివర కాస్త వణికే శబ్దం. ఇక దర్జీ వేషానికి దొరికినవాడు గుమ్మానికి సరిపడా భుజాలున్న నటుడు, ఇరవై ఏళ్ళుగా పోలీసు వేషాలు వేసినవాడు. చెయ్యి మణికట్టు దగ్గర విరిగినట్టు వేలాడదీసి, నడుం తిప్పుతూ నడవమని డైరెక్టరు చెప్పాడు.

"సార్, చిన్నప్పుడు నేను నిజంగానే కుట్టుపని చేశాను," అన్నాడు నటుడు. "కత్తెర పట్టే చెయ్యి ఇలా వేలాడదు సార్. వేలాడితే బట్ట పాడవుద్ది."

"బట్ట సంగతి నీకెందుకు? వేలాడదియ్."

వేలాడదీశాడు. దర్జీ గుమ్మంలోకొస్తే టొయ్‌య్. వెనక్కి తిరిగితే టొయ్‌య్. మంచినీళ్ళు అడిగితే టొయ్‌య్. ఒక్కో ఎపిసోడ్‌కు పదకొండు సార్లు. పోయిన జనం తిరిగొచ్చారు. డైరెక్టరు మీసం తిప్పాడు. ఎడిటర్ మాత్రం పదకొండు సార్లూ ఆ శబ్దాన్ని తన చేత్తోనే, సరిగ్గా ఆ మనిషి పాదం గడప దాటే చోట అతికించి, సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం సహించక లేచేవాడు.

ఒకరోజు మాస్టారు జవాబు పేపర్లు ముందేసుకుని, ఒక్కటీ దిద్దకుండా కూర్చున్నాడు.

"నేను క్లాసులోకి వెళ్తుంటే పిల్లలు చేస్తున్నారు," అన్నాడు.

"ఏంటి?"

"నీ శబ్దం. నోటితో. వాళ్ళకేదో తెలిసి కాదు. నేను కొంచెం మెల్లగా నడుస్తాను, చాక్‌పీసు ఇలా పట్టుకుంటాను, అంతే. ఒకడు చేస్తే కోప్పడేవాణ్ణి. ఎనిమిదో తరగతి మొత్తం."

ఎడిటర్ పేపర్ల కట్ట పక్కకు జరిపి ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్న స్టాఫ్ రూములో సైన్సు మాస్టారు కూడా చేశాడు. నేనూ నవ్వాను వాళ్ళతో. అదే నాకు నచ్చలేదు. ఈ పరీక్షలైపోయాక మానేస్తాను."

పన్నెండేళ్ళుగా ఆ బడిలో లెక్కలు చెబుతున్న మనిషి. లెక్కలంటే వణికే పిల్లలకు కూడా ఓపిగ్గా చెబుతాడని పేరున్న మనిషి. ఎడిటర్‌కు రాత్రంతా ఆ స్ప్రింగు చెవిలో మోగుతూనే ఉంది. డైరెక్టర్ని ఆపమని అడగాలి. అడిగితే నీకెందుకయ్యా బాధ అంటాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టవుతుంది.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు ఫోను చేశాడు. రాజీనామా కాగితం రాసేశాడట. ఎడిటర్ గొంతు తగ్గించి బతిమాలాడు. "పరీక్షలదాకా ఆగు. ఆ శబ్దం ఆపమని నేను అడగలేనురా. అడిగితే నేనెవరో, నువ్వెవరో అందరికీ తెలిసిపోతుంది." మాట పూర్తయ్యేసరికి చెక్క గోడ అవతల కుర్చీ కిర్రుమంది. గోడకు చెవులుంటాయంటారు. ఈ గోడకున్న చెవులు ముప్ఫై ఏళ్ళుగా చప్పుళ్ళు వినడమే పనిగా ఉన్న చెవులు.

సాయంత్రం బాబాయి నోటుబుక్కుతో వచ్చి నిలబడ్డాడు.

"మీ పెద్దమ్మ కొడుకు ఏం చేస్తాడన్నావు?"

"లెక్కల మాస్టారు."

"ఏ తరగతికి?"

"ఎనిమిది."

బాబాయి రాసుకుని, దానికింద రెండు గీతలు గీశాడు.

రెండు రోజులు ఆలోచించి ఎడిటర్ ఒక నిర్ణయానికొచ్చాడు. అడగలేడు కాబట్టి దొంగిలిస్తాడు. బాబాయి రోజూ అన్నానికి ముందు మేడమీదికెళ్ళి నీళ్ళ ట్యాంకు మూత తీసి లోపలికి చూసొస్తాడు, తాగే నీళ్ళ మీద నమ్మకం లేక. ఏడు నిమిషాలు పడుతుంది. ఆ ఏడు నిమిషాల్లో ఎడిటర్ పక్కగదిలోకి దూరి బీరువా తలుపు లాగాడు. వెంట్రుక పుటుక్కుమంది. పదిహేను, పదహారు, పద్దెనిమిది. పదిహేడు ఉండవలసిన చోట ఖాళీ. వేళ్ళు పెట్టి తడిమాడు. ఖాళీయే.

"ఏం వెతుకుతున్నావు?"

గుమ్మంలో బాబాయి. ట్యాంకులో ఇవాళ నీళ్ళు తేటగా ఉన్నట్టున్నాయి, రెండు నిమిషాలు ముందే దిగొచ్చాడు.

"కత్తెర," అన్నాడు ఎడిటర్, నోటికొచ్చిన మొదటి మాట.

"నా శబ్దాల బీరువాలోనా?"

"కత్తెర శబ్దం."

"ఎందుకు?"

"దర్జీకి. దర్జీ ఉన్నాడు కానీ కత్తెర శబ్దం ఎక్కడా లేదు కదా, వేస్తే బావుంటుందని."

బాబాయి అతన్ని అలా చూస్తూనే ఉన్నాడు. తేలు కుట్టిన దొంగలా ఎడిటర్ కదలకుండా నిలబడ్డాడు.

"నలభై రెండు," అన్నాడు బాబాయి చివరికి. "మంచి ఆలోచనే." తర్వాత బీరువాలోకి తొంగిచూశాడు, వెనక్కి తగ్గాడు, నడవలోకెళ్ళి గొంతెత్తాడు. "పదిహేడు పోయింది. ఎవరూ గేటు దాటొద్దు."

ఆ వారం రోజులూ స్టూడియోలో పని జరిగింది తక్కువ, విచారణ జరిగింది ఎక్కువ. బాబాయి తలుపులన్నిటి పిడులకూ ముఖానికి రాసే పౌడరు జల్లాడు. మేకప్ గదిలోవాళ్ళు పౌడరేదీ అని అరిస్తే, పౌడరు అంత అవసరం ఎందుకొచ్చిందో చెప్పమన్నాడు. వాచ్‌మన్ సంచీ వెతికాడు. మేనేజరు సొరుగులు తెరిపించాడు. డైరెక్టర్ని కూడా వదల్లేదు.

"మంగళవారం మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"నా స్టూడియోలో నన్నే అడుగుతావా? సెట్లో ఉన్నాను."

"ఎవరు చూశారు?"

"అరవై మంది చూశారు."

"అరవై మందీ మీ దగ్గర జీతాలు తీసుకునేవాళ్ళే కదా సార్."

అందర్నీ పిలిచాడు. ఎడిటర్ని ఒక్కణ్ణే పిలవలేదు. బీరువా ముందు అడ్డంగా దొరికిన మనిషిని, వెంట్రుక తెంపిన మనిషిని, ఒక్క మాట అడగలేదు. ఎదురైతే నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకునేవాడు.

"అందర్నీ అడిగి నన్నొక్కణ్ణే ఎందుకు అడగలేదు?" అని ఎడిటర్ ఇంట్లో గింజుకున్నాడు.

"పక్కాగా నీమీదే అనుమానం," అన్నాడు మాస్టారు. "సాక్ష్యం కూడబెడుతున్నాడు."

డైరెక్టరు మళ్ళీ చెయ్యమన్నాడు ఆ శబ్దాన్ని. ఆ స్ప్రింగున్న మంచం ఇప్పుడు లేదన్నాడు బాబాయి. ఇంకో మంచం తెప్పించారు. దాని స్ప్రింగు మోత తనకు అనుమానంగా ఉందన్నాడు. పాత ఎపిసోడ్లలోంచి తీద్దామంటే, నవ్వుతోనూ మాటలతోనూ కలిసిపోయి ఉంది. ఎపిసోడ్ పంపే గడువు నెత్తిమీదికొచ్చింది.

"పోనీ ఏదో ఒకటి వేసి చావండి," అన్నాడు డైరెక్టరు.

బాబాయి నలభై రెండు వేశాడు. దర్జీ గుమ్మంలోకి రాగానే కత్తెర కచకచ. అయితే కత్తెర వినిపిస్తే చేతిలో కత్తెర కనిపించాలి. మర్నాడు నటుడి చేతికి కత్తెరిచ్చారు. కత్తెర పట్టుకోగానే వేలాడుతున్న చెయ్యి తనంతట తనే నిటారుగా నిలబడింది. ఆ చేత్తో నడుం తిప్పుతూ నడవడం కుదరలేదు. నటుడు మెడలో కొలతల టేపు వేసుకుని, చిన్నప్పుడు కుట్టుకొట్టులో నడిచినట్టు నడిచాడు. ఇంటి ఓనరు వేషగాడి భుజాలు కొలుస్తూ, స్క్రిప్టులో లేని మాట ఒకటన్నాడు.

"మీకు ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం. ఇన్నేళ్ళుగా ఎవరికీ కనపడకుండా కుడుతున్నాను. ఊరికే నన్ను చూసి నవ్వమాకండి, చొక్కా ఒక్కసారి మామూలుగా కుట్టానంటే ఊరంతా మిమ్మల్ని చూస్తారు."

సెట్లో లైట్లు పట్టుకున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఏ నంబరూ వెయ్యలేదు, అసలు నవ్వే. డైరెక్టరు తల గోక్కుని, బావుంది ఉంచండి అన్నాడు. జనం తగ్గలేదు. నాలుగు వారాలకు దర్జీ కోసం సాయంత్రాలు గేటు దగ్గర గొడుగు పట్టుకుని ఎదురుచూసే మనిషొకడు కథలోకి వచ్చాడు, అతనికీ ఏ శబ్దమూ వెయ్యలేదు.

ఎనిమిదో తరగతి పదిహేడో నంబరును మరిచిపోయి, హెడ్‌మాస్టారి దగ్గును అనుకరించడం మొదలెట్టింది. మాస్టారు రాజీనామా కాగితం వెనకవైపు బజారు సామాన్లు రాసుకున్నాడు. అంతా బావుందనుకుంటున్న సమయానికి, ఒక మధ్యాహ్నం క్యాంటీనులో, పదిమంది మధ్య మేనేజరు ఎడిటర్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"నీకు ముప్ఫై దాటాయి, పెళ్ళి లేదు. ఇంట్లో ఉండే అతనెవరయ్యా?"

"మా పెద్దమ్మ కొడుకు."

"మరి ఉద్యోగంలో చేరినప్పుడు ఫారంలో మేనత్త కొడుకని రాశావే?"

బల్ల చుట్టూ గిన్నెల చప్పుడు ఆగింది. ఎడిటర్ నోట్లో మెతుకు నోట్లోనే ఉంది. మేనేజరు పెదవుల మీద ఒక నవ్వు తయారవుతోంది.

"పెద్దమ్మ కొడుకే," అంది ఒక గొంతు.

పక్కబల్ల దగ్గర శబ్దాల బాబాయి లేచి, కళ్ళద్దాలు సవరించుకుని, నోటుబుక్కు విప్పాడు.

"ఫారంలో తప్పు పడింది. నాకూ అనుమానమొచ్చే విచారించాను. ఆవిడకి ఇద్దరు పిల్లలు. కూతురు నర్సు. కొడుకు లెక్కల మాస్టారు, ఎనిమిదో తరగతి. ఆవిడకి కుడికాలు విరిగింది, నయమైంది, వానాకాలంలో కొంచెం లాగుతుంది. వెళ్ళి చూసొచ్చాను. ఇంకేమైనా కావాలా?"

మేనేజరు నవ్వు సగంలోనే ఆగిపోయింది. తన చేతి గడియారాన్నే నమ్మని మనిషి నమ్మానంటే, ఇక అనుమానించే ధైర్యం ఎవరికుంటుంది? మేనేజరు పప్పు ఇటివ్వమని వేరే మాటలోకి వెళ్ళిపోయాడు.

ఎడిటర్ చెయ్యి కడుక్కోకుండానే బాబాయి వెనకాల ఆయన గదిలోకి వెళ్ళాడు.

"మా పెద్దమ్మని మీరెప్పుడు చూశారు బాబాయ్?"

"లేనిదాన్ని ఎక్కడ చూస్తాను. తలుపు వెయ్."

ఎడిటర్ తలుపు వేశాడు. బాబాయి క్యారేజీ తాళం తీశాడు. పై మూడు గిన్నెల్లో అన్నం, పప్పు, మజ్జిగ. అడుగు గిన్నెలో, పాత జేబురుమాలులో చుట్టి, పదిహేడో నంబరు.

"ఇది ఎప్పట్నుంచి?"

"నువ్వు ఫోన్లో మాట్లాడిన మర్నాటి నుంచి. ఇక్కడ పెడితే నీలాంటివాడు తీస్తాడు. ఇంట్లో పెడదామంటే మా బావమరిదున్నాడు. అందుకే రోజూ మోస్తున్నాను. దీనివల్ల కూరగిన్నె పోయింది, నెలన్నరగా కూర లేని అన్నం తింటున్నాను. మా ఆవిడకి నామీద అనుమానం."

ఎడిటర్ జేబురుమాలు విప్పి టేపు మీది నంబరు చూశాడు.

"పిల్లల కార్యక్రమంలో పిల్లి బీరువా మీదనుంచి జారితే వెయ్యడానికి చేశానురా దీన్ని," అన్నాడు బాబాయి. కోపం వచ్చిందాయనకు, ఆ నెలన్నరలో మొదటిసారి నిజమైన కోపం. "పిల్లి కోసం చేశాను. మనిషి గుమ్మం దాటి లోపలికొస్తే వెయ్యడానికి కాదు."

"మరి నన్ను రోజూ ఆ ప్రశ్నలెందుకు అడిగేవారు? ప్రాణం తీశారు."

"నీకు అబద్ధమాడ్డం రాదు. మేనేజరు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడని నాకు అనుమానం. నీకు వల్లెవేయిద్దామనుకున్నాను. మేనత్తని మధ్యలో తెచ్చి అంతా చెడగొట్టావు." నోటుబుక్కు చేతిలో పెట్టాడు. పదకొండు పేజీల నిండా పెద్దమ్మ వంశమంతా ఉంది. తను చెప్పనివి కూడా ఉన్నాయి. పెద్దనాన్నకు పొడుం అలవాటట.

ఆ సాయంత్రం ఎడిటర్ ఇంట్లో ఈ కథంతా మాస్టారికి చెప్పాడు. మర్నాడు బడికి సెలవు. మధ్యాహ్నం అన్నం వేళకు మాస్టారు చేతిలో ఒక గిన్నెతో స్టూడియో గేటు దగ్గర దిగాడు. ఎడిటర్ అతన్ని వెంటబెట్టుకుని శబ్దాల గదిలోకి తీసుకెళ్ళాడు.

"బాబాయ్, ఇతను," అని ఆగాడు. మూడేళ్ళుగా నోటికి అలవాటైన పెద్దమ్మ నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. "ఇతను మా ఇంట్లో మనిషి. ఆరేళ్ళుగా మేమిద్దరం కలిసే ఉంటున్నాం."

బాబాయి చెయ్యి అలవాటుగా జేబు దాకా వెళ్ళింది. ఖాళీగానే తిరిగొచ్చింది.

"కూర తెచ్చాను," అన్నాడు మాస్టారు. "నెలన్నర నుంచి మీకు లేదట."

బాబాయి గిన్నె వైపు చూశాడు.

"బస్సులోనా?"

"బస్సులోనే. యాభై నిమిషాలు పట్టింది."

"తాళం?"

"లేదండీ. మూత కూడా కొంచెం లూజు."

బాబాయి మూత తీశాడు, వాసన చూశాడు, వెలుతురుకు పట్టాడు. మాస్టారి ముఖం చూశాడు, ఎడిటర్ ముఖం చూశాడు. తర్వాత గిన్నె మొత్తం అన్నంలో బోర్లించుకుని, కలుపుకుని, తలెత్తకుండా ఆఖరి ముద్ద దాకా తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ, మాస్టారి వైపు కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"ఉప్పు కొంచెం తక్కువైంది," అన్నాడు. "మళ్ళీ రప్పించుకోవాలని కావాలనే తక్కువ వేశావని నా అనుమానం."